సారీ చెప్పినంత మాత్రాన

నా తర్వాత ఆ కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి ఈమధ్య ఫహాహీల్‌లో మా ఇంటికి వచ్చింది. నిబంధనల పుస్తకం మొత్తం చదివేసిందట. పేజీల అంచులకి రంగు కాగితాలు కూడా అంటించి తెచ్చింది. "ఇంకా ఏం చదవాలి మేడమ్?" అని అడిగింది. చదివింది చాలు, ముందు టీ తాగమన్నాను. ఆ పుస్తకం రాసినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి అందులో ఏం లేదో నాకు బాగా తెలుసు. ఆ లేనివన్నీ ఆ సాయంత్రం ఆమెకి చెప్పడం మొదలుపెట్టాను. సగం చెప్పేసరికి ఆమె బస్సు వేళయింది. మిగతా సగం ఇలా రాస్తున్నాను.

మాది అమలాపురం దగ్గర పల్లె. మా ఆయనకి మిర్కాబ్‌లో ఉద్యోగం దొరికితే ఆయన వెంట కువైట్ వచ్చాను. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పే పని దొరికింది. కొన్నేళ్లు పాఠాలు చెప్పాక నన్ను క్రమశిక్షణ సంఘానికి కార్యదర్శిని చేశారు. ఫలానా విద్యార్థి కాపీ కొట్టాడనో, వేరేవాళ్ల చేత రాయించుకున్నాడనో, చెయ్యని ప్రయోగానికి అంకెలు పుట్టించాడనో ఏ మాస్టారికి అనుమానం వచ్చినా ఆ ఫిర్యాదు ముందు నా బల్ల మీదికే వచ్చేది. పిల్లలు మా సంఘాన్ని కాపీ కోర్టు అనేవాళ్లు. దాని అసలు పేరు కన్నా అదే నయం.

ఆ పని నాకెందుకు ఇచ్చారంటే, ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి. ఇండియన్ లేడీ, నెమ్మదస్తురాలు, ఎవరినీ నొప్పించదు అనుకున్నారు. వాళ్ల లెక్క తప్పిందని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

శాతం చూపించే యంత్రం

ఇప్పుడు ఫిర్యాదులన్నీ ఒక శాతంతో మొదలవుతున్నాయి. వ్యాసాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు. అది రంగులు పూసి ఇంత భాగం ఎక్కడినుంచో ఎత్తింది అంటుంది. ఏఐ రాసిందా మనిషి రాశాడా అన్నది కూడా తనే చెప్తానంటుంది. మాస్టారు ఆ కాగితం పట్టుకుని, పేషెంటుకి షుగరుందని తేల్చిన డాక్టరులాగా, మా గదికి వచ్చేస్తాడు. నేను అడిగేది ఒకటే: "మీరు ఆ వ్యాసం చదివారా?" చాలామంది నేలచూపులు చూసేవాళ్లు.

ఒకసారి నిండా ఎర్రరంగు పూసిన రిపోర్టు ఒకటి వచ్చింది. పిల్లాడు దొరికిపోయాడని మాస్టారు సంబరపడిపోతున్నాడు. తీరా తిరగేసి చూస్తే, ఎర్రగా ఉన్నదంతా మేమే తప్పనిసరిగా పెట్టమన్న ముఖపత్రం, మేమే ఇచ్చిన ప్రయోగశాల జాగ్రత్తలు. మా మాటలు రాసినందుకు మేమే వాడి మీద కేసు పెట్టబోయాం.

నేను అంకెలతో బతికిన మనిషిని. అంకెని చులకన చెయ్యను. ఎక్కడ వెతకాలో అది చెబుతుంది, వెతికే పని మాత్రం మనిషే చేసుకోవాలి.

అలాగని పిల్లలందరూ పాపం, అమాయకులు అనుకునేరు. వాచీలో జవాబులు దాచినవాణ్ణి చూశాను. డబ్బిచ్చి ప్రాజెక్టు రాయించుకుని, అది దేని గురించో కూడా చూసుకోకుండా మా ముందుకు పట్టుకొచ్చినవాణ్ణి చూశాను. అలాంటివాళ్లకి శిక్ష పడిన రోజు నేను హాయిగా నిద్రపోయాను. తెలిసీ వదిలేసే మాస్టార్లంటే నాకు ఒళ్లుమంట. "పోనీలే, పిల్లాడు" అంటారు. నిజానికి విచారణ కాగితాలు నింపాలంటే బద్ధకం, అంతే.

ఒకే శిక్ష

పెద్ద రిపోర్టులో కాపీ రుజువైతే మా పుస్తకం ప్రకారం ఒక సెమిస్టరు సస్పెన్షన్. అందరికీ అదే. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో!

కువైటీ పిల్లాడికి ఆ శిక్ష పడితే ఇంట్లో చీవాట్లు పడతాయి. ఆ తర్వాత సముద్రం ఒడ్డున వాళ్ల విడిది ఇల్లు, షాలేలో కొన్ని నెలలు కాలక్షేపం చేసి తిరిగి క్లాసుకొస్తాడు. మన పిల్లాడికి పడితే వేరే సంగతి. తండ్రి ఇఖామా మీద, అంటే తండ్రికున్న నివాస అనుమతి కింద, వయసొచ్చిన కొడుకు ఈ దేశంలో ఉండాలంటే వాడు చదువుతున్నాడని విశ్వవిద్యాలయం కాగితం ఇవ్వాలి. సస్పెండైనవాడికి మేం ఆ కాగితం ఇవ్వం. కాగితం లేకపోతే ఇఖామా రెన్యువల్ అవదు. ఇఖామా లేకపోతే పెట్టె సర్దుకోవాలి. మళ్లీ వద్దామన్నా దారి దొరకదు. మేం రాసేది ఒక సెమిస్టరని. వాడికి పోయేది డిగ్రీ మొత్తం.

ఇఖామా చూసి శిక్ష తగ్గించమని మాత్రం నేను ఎన్నడూ అడగలేదు, అడగను. తప్పు చేస్తే మనవాడైనా వెళ్లాల్సిందే. నేను అడిగేది వేరు. సంతకం పెట్టేవాళ్లకి తమ సంతకం ఎవరిని ఎంత దూరం పంపిస్తుందో తెలిసి ఉండాలి. అది తెలిస్తే రుజువులు ఇంకోసారి చూడబుద్ధేస్తుంది.

అప్పట్లో నా ఇఖామా కూడా ఆ విశ్వవిద్యాలయం కిందే ఉండేది. ఎదురు మాట్లాడిన ప్రతిసారీ ఆ సంగతి నాకు గుర్తుండేది. నాకు భయం లేదని గొప్పలు చెప్పను. భయపడుతూనే మాట్లాడాను.

పెన్నులు మూసేశారు

భార్గవ్ మెకానికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు. సగం ఫీజు స్కాలర్‌షిప్పు మీద చదువుతున్నాడు. వాళ్ల నాన్న రెడ్డెప్పది రాయచోటి వైపు. అహ్మదిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో మేస్త్రి. పిల్లాడు ఇక్కడే పెరిగాడు.

పంపుల ప్రయోగశాలలో చేసిన ప్రయోగం మీద భార్గవ్ ఇచ్చిన రిపోర్టు, ఫహద్ అనే కువైటీ అబ్బాయి ఇచ్చిన రిపోర్టు ఒకటేలా ఉన్నాయని ఫిర్యాదు వచ్చింది. అంకెలు అవే, వాక్యాలు చాలావరకు అవే. అన్నిటికన్నా ముఖ్యంగా నీటి ఒత్తిడి గ్రాఫు. మిగతా బృందాలకి గీత నున్నగా వంగితే, ఈ రెండు రిపోర్టుల్లో మధ్యలో ఒకచోట ధబీమని కిందికి పడింది. ఇద్దరూ వేర్వేరు బృందాలు, వేర్వేరు రోజుల్లో చేశారు. కాబట్టి ఒకరిది చూసి ఇంకొకరు రాశారు. ఎవరిది చూసి ఎవరు రాశారన్నదే తేలాలి.

మా సంఘానికి అధ్యక్షురాలు డాక్టర్ హనాన్. జోర్డాన్ ఆవిడ. నేను పనిచేసిన పెద్దల్లో నాకు నచ్చిన మనిషి. సిఫార్సులకి లొంగేది కాదు. ఇక్కడ సిఫార్సుని వాస్తా అంటారు, అది లేకుండా చాలా పనులు కదలవు. ఫహద్ మేనమామ ఎవరో పెద్దాయన ఆవిడకి ఫోన్ చేసి ఇంటికి కాఫీకి రమ్మన్నాడు. "తప్పకుండా వస్తానండీ, తీర్పు చెప్పిన మర్నాడు" అని ఫోన్ పెట్టేసింది. అలాంటి మనిషి కూడా ఆ రోజు పొరబడింది.

ముందు ఫహద్‌ని పిలిచాం. తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషాలో వచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చుని, ఆవిడ కళ్లలోకి చూస్తూ, "నా రిపోర్టు నేనే రాశాను" అన్నాడు. తర్వాత భార్గవ్. కూర్చోమన్నా కూర్చోలేదు. తల వంచుకుని నిలబడ్డాడు.

"నీ మీద వచ్చిన ఫిర్యాదు గురించి నువ్వేమంటావు?" అని హనాన్ అడిగింది. అప్పట్లో మా మొదటి ప్రశ్న అదే.

"సారీ మేడమ్" అన్నాడు.

"దేనికి సారీ?"

"సారీ మేడమ్. ఇంకెప్పుడూ ఇలా జరగదు."

గదిలో పెన్నులన్నీ ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయి. ఆ టక్ టక్ చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. వాడు బయటికి వెళ్లగానే హనాన్ ఊపిరి వదిలి, "త్వరగా తేలిపోయింది" అంది.

"ఏం తేలింది?" అన్నాను.

"ఒప్పుకున్నాడు కదా, దుక్తూరా. నువ్వూ విన్నావు." డాక్టరేట్ ఉన్న ఆడవాళ్లని ఇక్కడ దుక్తూరా అంటారు.

"ఒప్పుకోలేదు. సారీ అన్నాడు."

"తేడా ఏముంది?"

"మా వాళ్లలో చాలా ఉంది. నేను మొదటిసారి మీ గది తలుపు తీసి ఏమన్నానో గుర్తుందా? సారీ మేడమ్ అన్నాను. ఏం తప్పు చేశానని అన్నాను?"

ఆవిడకి నవ్వొచ్చింది. గుర్తుంది మరి. మొదటి ఏడాది నేను ఆవిడతో ఏ మాటైనా సారీతోనే మొదలుపెట్టేదాన్ని. పెద్దవాళ్లు పిలిస్తే ముందు తగ్గి, ఆ తర్వాత విషయం చెప్పడం మాకు అలవాటు. ముందే కాదంటే పొగరనుకుంటారని మా భయం. ఇదంతా వివరంగా చెప్పాను. సంఘంలో ఇంకో సభ్యుడు గడియారం చూసుకున్నాడు. అసలు ప్రయోగం గురించి మనం ఒక్క ప్రశ్న కూడా అడగలేదని కూడా చెప్పాను.

"ఇంకొక్క విచారణ పెడదాం" అంది హనాన్. "తోడుగా ఒకరిని తెచ్చుకోమను. ఈసారి కూడా సారీ అంటే నేను సంతకం పెట్టేస్తాను. నీ మాట ఇక వినను."

భార్గవ్ ఇఖామా ఆ నెలాఖరుకి రెన్యువల్ కావాలి. ఆ సంతకం పడితే ఏమవుతుందో గదిలో నాకొక్కదానికే పూర్తిగా తెలుసు.

వరండాలో

తోడుగా వచ్చింది తండ్రి. అహ్మదిలో పూట సెలవు అడుక్కుని, ఒంటి నిండా కప్పే కంపెనీ కవరాల్‌తోనే వచ్చేశాడు. బూట్లకి ఇసుక ఉంది. లోపలికి వస్తూ వస్తూ తలుపు దగ్గరున్న గార్డుకి కూడా దణ్ణం పెట్టాడు. కూర్చోమని ఎవరో అనేలోపే చేతులు జోడించి, పిల్లాడు తప్పు చేశాడు క్షమించమని హిందీలో అందుకున్నాడు.

"మేడమ్, సార్, మాఫ్ కరో. బచ్చా హై. గల్తీ హో గయా. సారీ సార్, సారీ మేడమ్."

హనాన్ నా వైపు చూసింది. కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. కాస్త విరామం కావాలని అడిగి, తండ్రినీ కొడుకునీ వరండాలోకి తీసుకెళ్లాను.

"రెడ్డెప్ప గారూ, మీవాడు ఏం చేశాడండీ?" అని తెలుగులో అడిగాను.

తెలుగు వినేసరికి ఆయన మొహం కాస్త తేటపడింది. "నాకేం తెల్సమ్మా. పిలిచినారంటే ఏందో ఒకటి జరిగే ఉంటాది గదా."

"వాణ్ణి అడిగారా?"

"అడిగినా. నేను చేయలేదు నాయనా అనె."

"మీరు నమ్మారా?"

"నమ్మినా. వాడు నాకాడ అపద్దం చెప్పడు."

"మరి చెయ్యనిదానికి మాఫ్ చెయ్యమని ఎందుకు అడిగారండీ?"

ఆయన నన్ను లోకం తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. "మేడమ్, మీయి ఆఫీసు పనులు. మాకట్ల కాదు. సైటులో ఏదన్నా పగిలితే ముదీర్, అదే మేనేజరు, వచ్చి కేకలేస్తాడు. ఎవురు పగలగొట్టినారో ఆయనకి పనిలేదు. ఎవురో ఒకరు సారీ సార్ అనాల. అనంగానే సల్లబడతాడు. నేను కాదు సార్ అన్న్యావనుకో, ఎదురు మాట్లాడినట్టు. ఎదురు మాట్లాడినోడు నెల తిరక్కుండా ఖలాస్. నా కండ్ల ముందర ఎంతమంది పోయినారో. నేనిన్నేండ్లు నిలబడింది ఆ మాట మీదనే."

"చెయ్యనివాటికి కూడా చెప్పారా?"

"శానాసార్లు. ఒక తూరి అట్ల చెప్తే ఆ యేడు నా లీవు కోసేసినారు. మా చెల్లెలి పెండ్లికి పోలేకపోతి. ఫోన్‌లో చూస్తి. అయితేనేం, పనైతే పోలేదు గదా."

ఇది ఆయన చాలా మామూలుగా చెప్పాడు. నాకు మాత్రం కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. ఒక మనిషికి కడుపు నింపిన విద్య అది. ఆ విద్యే ఇంకో గదిలో ఆయన కొడుకు మెడకి చుట్టుకుంటోంది.

"రెడ్డెప్ప గారూ, ఈ గదిలో లెక్క వేరండీ. ఇక్కడ సారీ అంటే నేనే చేశానని రాసేసుకుంటారు. రాసుకున్నాక మీవాడికి చదువుతున్నట్టు కాగితం ఇవ్వరు. ఇఖామా పోద్ది. ఇంటికెళ్లిపోవాలి."

ఆయన గోడ పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. "అంటే నేనే వాణ్ణి ముంచినానా అమ్మా?"

"ఇంకా లేదు. లోపలికి రండి, కూర్చోండి. ఎవరేమన్నా మీరు సారీ అనకండి. మీవాడు కాదంటాడు. అననివ్వండి."

"పెద్దోళ్ల ముందర కాదంటే..."

"అననివ్వండి."

భార్గవ్ మంచినీళ్ల కూలరు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "నువ్వెందుకు చెప్పావురా సారీ?" అని వాణ్ణి అడిగాను.

"మీరు పిలిపించారంటేనే ఏదో తప్పు జరిగినట్టు కదా మేడమ్. ముందు సారీ చెప్పి, తర్వాత అసలు విషయం చెబుదామనుకున్నా. తర్వాత ఎవరూ అడగలేదు."

ఆ మాటకి నేను సిగ్గుపడ్డాను, మా సంఘం తరఫున.

గ్రాఫు ఎందుకు పడింది

ఈసారి మొదటి ప్రశ్న నేను అడుగుతానని హనాన్‌తో అన్నాను. సరేనంది.

"భార్గవ్, ఆ ప్రయోగం ఎలా చేశావో మొదటి నుంచి చెప్పు. ఇంగ్లిష్‌లో ఇబ్బందైతే అరబిక్‌లో చెప్పు. తెలుగైనా పరవాలేదు, నేను వీళ్లకి చెబుతాను."

వాడు ఇంగ్లిష్‌లోనే మొదలుపెట్టాడు. మొదట తడబడ్డాడు. పంపు పేరు ఎత్తేసరికి దారిలో పడ్డాడు. నీళ్లు ఎక్కడినుంచి తీసుకున్నారో, ఏ వాల్వు ఎంత తిప్పారో, ఎవరు రీడింగులు చదివారో చెప్పుకుంటూ పోయాడు. తండ్రి పక్కన కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. అవి తమంతట తాము జోడించుకుంటాయేమోనని భయపడుతున్నట్టుంది.

"గీత మధ్యలో ఎందుకు కిందికి పడింది?" అని అడిగాను.

"పంపు లీకైంది మేడమ్. షాఫ్టు దగ్గర సీలు నుంచి నీళ్లు కారాయి. నేల తడిసిపోతే మేమే తుడిచాం. అప్పట్నుంచి ప్రెజరు పడిపోయింది. ల్యాబ్ సార్‌కి చెప్పాను. వచ్చిన రీడింగులే రాయమన్నారు."

"మరి లీకైందని రిపోర్టులో ఎందుకు రాయలేదు?"

వాడు తల దించుకున్నాడు. "ల్యాబ్ బాలేదని రాస్తే సార్‌ని తప్పుబట్టినట్టు ఉంటుందని..."

నేను హనాన్ వైపు చూశాను. ఈసారి ఆవిడ కనుబొమ్మ లేవలేదు. పెన్ను తెరిచింది.

ల్యాబ్ ఇన్‌చార్జికి అక్కడినుంచే ఫోన్ చేశాం. అవునన్నాడు. ఆ పంపు లీకైన మాట నిజమే. మర్నాడే సీలు మార్పించానన్నాడు. ఫహద్ బృందం ప్రయోగం చేసింది ఆ వారం చివర్లో, బాగుచేసిన పంపు మీద. బాగుచేసిన పంపుకి గీత అలా పడిపోదు. ఆ పతనం భార్గవ్ బృందానికి మాత్రమే రాగలదు.

ఒక్క ఫోన్‌కాల్‌తో తేలే విషయం. మొదటి రోజే చేసి ఉండొచ్చు. సారీ వినబడేసరికి మాకు ఆ అవసరం కనబడలేదు.

అయినా హనాన్ సూటిగా అడగాలనుకుంది. అది ఆవిడ పద్ధతి. "భార్గవ్, నువ్వు కాపీ కొట్టావా, లేదా?"

వాడు తండ్రి వైపు తిరిగాడు. రెడ్డెప్ప పెదవులు కదిలాయి. ఆ మాట నోటిదాకా వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. ఆయన గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

"లేదు మేడమ్" అన్నాడు భార్గవ్. "నేను కొట్టలేదు."

ఎవరో తనని కొట్టబోతున్నట్టు ఆ తండ్రి భుజాలు ముడుచుకుపోయాయి. హనాన్ రాసుకుంది. "షుక్రన్, ఇక వెళ్లొచ్చు" అంది.

తర్వాత ఫహద్‌ని మళ్లీ పిలిచి అదే ప్రశ్న వేశాం. గీత ఎందుకు పడింది? వాడు రిపోర్టు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. కాసేపటికి నవ్వేశాడు. "ఖలాస్, దుక్తూరా. అది నాది కాదు. ఫార్మాట్ చూసుకుంటానని వాడి ఫైలు తీసుకున్నాను. వాడికి తెలీదు." ఆ నిజాయితీ వాడు మొదటి రోజే చూపించి ఉంటే బాగుండేది. అయినా ఆఖరికి చెప్పాడు, అందుకు వాడంటే నాకు గౌరవమే. ఒక సెమిస్టరు పోయింది. తిరిగొచ్చి, బుద్ధిగా చదివి పాసయ్యాడు. ఫహద్ మేనమామ ఇంటికి హనాన్ మాట ప్రకారం కాఫీకి వెళ్లింది. కాఫీ బాగుందని, మాటలు మాత్రం తక్కువని చెప్పింది.

భార్గవ్‌కి కూడా ఒక హెచ్చరిక పడింది, రిపోర్టు ఫైలు ఇంకొకరి చేతికిచ్చినందుకు. ఆ ప్రతిపాదన నాదే. వాడికి కోపం వచ్చింది. "ఫ్రెండ్ అడిగితే ఎలా ఇవ్వను మేడమ్?" అన్నాడు. ఇవ్వకూడదని చెప్పాను. లీకు సంగతి కలిపి రిపోర్టు మళ్లీ రాయమని కూడా చెప్పాను. చదువుతున్నట్టు కాగితం మాత్రం అదే రోజు నా చేత్తో తీసుకెళ్లి ఇచ్చాను.

ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకి

మా ఇంటికొచ్చిన అమ్మాయికి నేను చెప్పింది ఇదే. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఫిర్యాదు గురించి అడగకు. పని గురించి అడుగు. చేసినవాడు చెప్పుకుంటూ పోతాడు, చెయ్యనివాడు రెండు మాటలకే ఆగిపోతాడు. కళ్లలోకి చూడనివాడు దొంగ అనుకోకు. నిటారుగా కూర్చున్నవాడు దొర అనుకోకు. ఇంట్లో ఎవరికి ఏం నేర్పితే వాళ్లు అలా కూర్చుంటారు. సారీ అన్నవాణ్ణి దేనికి అని అడుగు, జవాబు వచ్చేదాకా అడుగు. తల్లిదండ్రులని లోపలికి రానివ్వు, మాట్లాడనివ్వకు. గదిలో పెన్నులు మూసుకోవడం మొదలైందా, నువ్వు మాత్రం తెరిచి పెట్టుకో.

"మరి వాళ్లు నిజంగానే తప్పు చేసి సారీ అంటే?" అని అడిగింది.

"అప్పుడు రుజువు ఎలాగూ దొరుకుతుంది. దొరికాక శిక్ష వెయ్యి. జాలిపడకు" అన్నాను.

పుస్తకంలో ఇదంతా పెట్టించాలని నేను చాలా ప్రయత్నించాను. మొదటి ప్రశ్న మార్పించగలిగాను. మిగతావి "భావాలకి సంబంధించినవి" అని కొట్టేశారు. కొట్టేసినవాళ్లు తెలివైనవాళ్లే. వాళ్లెప్పుడూ ఎవరి ముందూ నిలబడి సారీ చెప్పాల్సిన అవసరం రాలేదు, అందుకని తెలియలేదు.

ఫహాహీల్ బస్సుస్టాపు

ఉద్యోగం అయిపోయాక నేను మా ఆయన ఇఖామా మీదికి మారిపోయాను. శుక్రవారం సాయంత్రాలు ఫహాహీల్ మార్కెట్లో కూరగాయలు కొనుక్కుని, సముద్రం రోడ్డు పక్క కాసేపు నడుస్తుంటాను. ఒకరోజు బస్సుస్టాపులో ఎవరో "అమ్మా" అని పిలిచారు. రెడ్డెప్ప. కవరాల్ లేకుండా, ఇస్త్రీ చొక్కాలో ఉంటే వెంటనే పోల్చుకోలేకపోయాను.

భార్గవ్ చదువు పూర్తయిందట. మిర్కాబ్‌లో ఒక కంపెనీలో ట్రైనింగ్‌కి వెళ్తున్నాడట. వాడి గురించి చెప్పడం అయిపోయినా ఆయన కదల్లేదు. చేతిలో సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మొన్న సైటులో క్రేను అద్దం పగిలిందమ్మా" అన్నాడు. "ముదీర్ వచ్చి అందర్నీ వరసగా నిలబెట్టినాడు. ఎవురు ఎవురు అని ఒకటే కేకలు. అందరూ నా దిక్కే చూస్తాండారు. ఎప్పుడూ నేనే గదా అనేది. సారీ అనే మాట నోట్లోకి వచ్చేసె. మావాడు ఆ పొద్దు మీ ముందర లేదు మేడమ్ అనింది మతికొచ్చె. మింగేస్తి. నేను కాదు సార్ అంటి."

"ఏమన్నాడండీ?" అని ఆత్రంగా అడిగాను.

"ఓకే, యల్లా, పో, పని చూసుకో అనె. అంతే. ఇంకేం అనలే. మర్సనాడు కూడా ఏం అనలే."

బస్సు వచ్చింది. ఆయన ఎక్కలేదు. నా మొహంలోకి, ఏదో జవాబు నా దగ్గర ఉంటుందన్నట్టు, సూటిగా చూశాడు.

"అంతేనా అమ్మా? మా చెల్లెలు పెండ్లప్పుడు కూడా ఆ మాట అనుంటే, పో అనుంటాడా?"